అవ్వ సూది వేరు, పిల్లి సూది వేరు

మేట్టుపాళయం తెలుగిళ్లలో ఫ్రిజ్ తెరిస్తే దోసెపిండి గిన్నె, పెరుగు, కారమడ వైపు తోటల నుంచి వచ్చిన కరివేపాకు, వాటి వెనకాల ఒక ఇన్సులిన్ సీసా కనబడటం వింతేమీ కాదు. ఆ సీసా అవ్వది కావచ్చు, నాయనది కావచ్చు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే లెక్కన దేశంలో షుగరున్నవాళ్లు 10 కోట్ల పైమాటే. సూదిలోకి మందు ఎలా లాగాలో, వేలి చివర రక్తపు చుక్క ఎలా తీయాలో బడికి వెళ్లే పిల్లలకు కూడా తెలిసిన ఇళ్లివి. అలాంటి ఇంటికి పశువుల డాక్టరు "మీ పిల్లికి షుగరు" అని చెబితే ముందు నవ్వొస్తుంది. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి "ఏమ్మా, దానికీ అదేనా? ఏం తిన్నదనీ!" అంటుంది. నవ్వులయ్యాక ధైర్యం వస్తుంది. అవ్వకు రోజూ వేస్తున్నదే కదా, దీనికీ ఓ సూది వేస్తే పోలా అని.

ఆ ధైర్యంలో సగం మంచిదే. మిగతా సగమే పిల్లి ప్రాణం మీదికి తెస్తుంది. సూది పట్టడం వచ్చిన చేతికి పిల్లి ఓ లెక్క కాదు, నిజమే. కానీ అవ్వ సీసా, అవ్వ సిరంజి, అవ్వ మీటరు, అవ్వ పథ్యం, అవ్వ ఏకాదశి ఉపవాసం, వీటిలో ఏ ఒక్కటీ ఉన్నదున్నట్టు పిల్లికి పనికిరాదు. ఎక్కడెక్కడ తేడా వస్తుందో ఎరిగిన ఇంట్లో షుగరు పిల్లి ఏళ్ల తరబడి హాయిగా తిరుగుతుంది. కొన్నిసార్లు సూది అక్కర్లేని రోజు కూడా వస్తుంది. అవ్వకు ఆ అదృష్టం అరుదు.

ఎలుకల నుంచి పెరుగన్నానికి

విజయనగరం రోజుల్లోనూ, ఆ తర్వాత మదురై నాయకుల ఏలుబడిలోనూ తెలుగువాళ్లు కోయంబత్తూరు, మదురై చుట్టుపక్కలకు వచ్చి నిలిచిపోయారు. కమ్మవారు, బలిజలు, గవరలు సేద్యానికి దిగారు, దేవాంగులు మగ్గం పట్టారు. ఇన్ని తరాల తర్వాతా ఇంట్లో మాట తెలుగే, రాత మాత్రం తమిళం. పిల్లిని తెలుగులో బుజ్జగించి, డాక్టరుతో తమిళంలో మాట్లాడి, సిరంజి మీది ఇంగ్లీషు చదువుకుని సూది వేయడం ఇక్కడ ఎవరికీ విడ్డూరంగా తోచదు.

ఈ ఇళ్లలో పిల్లి ముద్దుకోసం వచ్చింది కాదు, పనికోసం వచ్చింది. నీలగిరి బంగాళాదుంప దిగే మండీలు, వక్కలు ఆరబోసే కళ్లాలు, కొబ్బరి గోదాములు ఉన్న ఊరు ఇది. ఎలుకలకు కొదవ లేదు. రాత్రంతా వేటాడిన పిల్లికి పొద్దున్నే పెట్టే పాలన్నం పైపై చిరుతిండి. అసలు భోజనం ఎలుక. అంటే మాంసం, కొవ్వు, పిండిపదార్థం దాదాపు సున్నా. ఇప్పుడు కళ్లం పోయి డాబా వచ్చింది. పిల్లికి ఆపరేషన్ చేయించారు, సోఫా మీద చోటిచ్చారు. ఎలుక లేదు గానీ పెరుగన్నం మాత్రం మిగిలింది. దానికి తోడు గిన్నెలో ఎప్పుడూ నిండుగా గలగలలాడే ఎండు బిళ్లలు. వాటిలో మూడోవంతు దాకా పిండిపదార్థమే ఉండే రకాలు బజారులో బోలెడు.

పక్కింటావిడ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. పిల్లి తీపి తినలేదు. అసలు దానికి తీపి తెలియనే తెలియదు. నాలుక మీద తీపిని పట్టే గ్రాహకానికి కావలసిన జన్యువు పిల్లి జాతిలో ఎప్పుడో చెడిపోయిందని అమెరికా శాస్త్రవేత్తలు 2005లో తేల్చారు. దాని కాలేయం కూడా పిండిపదార్థాన్ని ఒక్కసారిగా వచ్చిపడే సరుకులా సర్దుకునేలా తయారు కాలేదు. లడ్డు ముట్టని జంతువుకు షుగరు రావడానికి ఒళ్లూ, వయసూ, తిండి పొందికా చాలు. నడివయసు దాటిన, ఆపరేషన్ అయిన, బరువెక్కిన, ఇల్లు కదలని మగపిల్లులకు ఈ జబ్బు ఎక్కువ. బ్రిటన్‌లో బీమా చేసిన పిల్లుల్లో చూస్తే సుమారు 230లో ఒకదానికి షుగరుందని 2007 నాటి అధ్యయనం చెప్పింది. అక్కడి బర్మీస్ జాతి పిల్లుల్లో అయితే అంతకు మించి. ఇంకో దారి కూడా ఉంది, దీన్ని మనవాళ్లు అస్సలు పట్టించుకోరు. దురద తగ్గాలనీ, నోటిపుండ్లు మానాలనీ పదే పదే వేయించే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు. అవి కొన్ని పిల్లుల్లో షుగరును నేరుగా పైకి లేపుతాయి.

షుగరు వైద్య చరిత్రలో పేరంతా కుక్కకే దక్కింది. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో కుక్క క్లోమం తీసేస్తే షుగరు వచ్చిందని మింకౌస్కీ, మెరింగ్ చూపించారు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను ముందు పరీక్షించిందీ కుక్కల మీదే. కానీ అవ్వ జబ్బుకు దగ్గరి చుట్టం కుక్క కాదు, పిల్లి. కుక్కకు సాధారణంగా ఇన్సులిన్ ఊట పూర్తిగా ఎండిపోతుంది. పిల్లికి అవ్వకు లాగే ఊట ఉంటుంది, ఒళ్లు దాని మాట వినదు. వినిపించాలని ఊరీ ఊరీ క్లోమం అలసిపోతుంది. అవ్వ క్లోమంలోనూ పిల్లి క్లోమంలోనూ ఇన్సులిన్ కణాల చుట్టూ ఒకే రకం మడ్డి పేరుకుంటుంది. అమైలిన్ అనే పదార్థం గట్టిపడితే వచ్చే మడ్డి అది. 1980ల చివర్లో దాని గుట్టు విప్పిన పరిశోధకులు మనుషుల కణితుల నుంచీ షుగరు పిల్లుల క్లోమం నుంచీ దాన్ని వేరుచేశారు. జబ్బు ఇంత దగ్గరిది కాబట్టే వైద్యమూ అదే అయి ఉంటుందని మోసపోతాం.

చీమలు ముందే చెబుతాయి

ఇంట్లో ఇసుక డబ్బాలో మూత్రం పోసే పిల్లి అయితే పట్టుకోవడం తేలిక. రోజూ ఎత్తిపోసే తడి ముద్దలు పెద్దవవుతాయి. పెరట్లోకి పోయే పిల్లి అయితే ఎవరు చూస్తారు? అరటిచెట్టు పాదులో అది కూర్చున్న చోట చీమలు బారు కడితే అనుమానించాలి. మూత్రంలో చక్కెర పడుతోందన్నమాట. పిల్లి రక్తంలో చక్కెర డెసీలీటరుకు సుమారు 250 నుంచి 290 మిల్లీగ్రాములు దాటితే గాని మూత్రంలోకి దిగదు. అంటే చీమలు వచ్చేసరికే జబ్బు ముదిరింది. బకెట్టు నీళ్లలో తల పెట్టి ఆగకుండా తాగడం, గిన్నె నాకేసి ఇంకా అరవడం, అంత తింటున్నా వెన్నెముక తేలడం, ఇవి మిగతా గుర్తులు. కొన్ని పిల్లులు వెనక కాళ్ల మడమలు నేలకు ఆన్చి కుందేలులా నడుస్తాయి. గోడ ఎక్కలేవు. నరాలు దెబ్బతినడం వల్ల వచ్చే ఈ నడకను కీళ్లనొప్పి అనుకుని నూనె రాసేవాళ్లున్నారు. షుగరు అదుపులోకి వస్తే చాలా పిల్లుల్లో ఆ నడక నెలల మీద సర్దుకుంటుంది.

పరీక్ష దగ్గరే మొదటి తేడా. మేట్టుపాళయం నుంచి కోయంబత్తూరు సుమారు 35 కిలోమీటర్లు. సంచిలో, బస్సు హారన్ల మధ్య, కుక్కలు అరిచే క్లినిక్కులో కూర్చున్న పిల్లికి ఆ హడలుకే చక్కెర 300 దాటగలదు. ఏ జబ్బూ లేకుండానే. అందుకే ఒక్క రీడింగు చూసి మందు మొదలుపెట్టకూడదు. గత ఒకటి రెండు వారాల సగటును చెప్పే ఫ్రక్టోజమీన్ పరీక్ష అడగాలి, లేదా ఇంటి దగ్గర నింపాదిగా ఉన్నప్పుడు మూత్రంలో చక్కెర చూడాలి. అవ్వకు చేయించే మూడునెలల సగటు పరీక్ష పిల్లికి పెద్దగా వాడరు. పళ్లు చెడ్డాయా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందా అన్నదీ అప్పుడే చూపించుకోవాలి. ఆ రెండూ ఉంటే ఇన్సులిన్ ఎంత వేసినా లొంగదు.

రెండు గీతల లెక్క

ఇక సీసా. మన దేశంలో ఇప్పటికీ రెండు బలాల ఇన్సులిన్ ఒకే మెడికల్ షాపులో అమ్ముతారు. అవ్వ వాడే మిక్స్‌టార్డ్ లాంటి సీసాల్లో ఎక్కువభాగం మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. వాటికి ఎర్రమూత సిరంజి. గ్లార్జిన్ లాంటివి మిల్లీలీటరుకు 100 యూనిట్లు. వాటికి నారింజరంగు మూత సిరంజి. అవ్వకు ఇరవై యూనిట్లు పడతాయి కాబట్టి ఒక గీత అటూ ఇటూ అయితే ఆమె శరీరం ఓర్చుకుంటుంది. నాలుగు కిలోల పిల్లికి మొదట్లో పడేది పూటకు ఒక్క యూనిట్, రెండు దాటదు. 100 యూనిట్ల మందును ఎర్రమూత సిరంజిలోకి ఒక గీత లాగితే పిల్లి ఒంట్లోకి పోయేది ఒకటి కాదు, రెండున్నర. రెండు గీతలు లాగితే అయిదు. ఆ తప్పుకు తెల్లారేసరికి పిల్లి ఫిట్స్‌తో దొర్లుతుంది. తిరగేసి 40 యూనిట్ల మందును నారింజ సిరంజితో లాగితే గీతకు యూనిట్‌లో సగం కూడా పడదు. "ఇన్ని రోజులుగా వేస్తున్నా తగ్గట్లేదే" అని మోతాదు పెంచుకుంటూ పోతారు. తర్వాతెప్పుడో సరైన సిరంజి చేతికొస్తే ఆ పెంచిన మోతాదే కొంప ముంచుతుంది. షాపులో కుర్రాడు "రెండూ ఒకటేలే అక్కా" అన్నా సరే, సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనా అని వెలుతురులో పెట్టి చదువుకోవాలి. సగం యూనిట్ గీతలున్న సన్న సిరంజి దొరికితే దాన్నే తెచ్చుకోవాలి.

సిరంజి సరిపోయినంత మాత్రాన అవ్వ మందు పిల్లికి ఇవ్వొచ్చని కాదు. పిల్లి ఒంట్లో మందు తొందరగా ఖర్చవుతుంది. అవ్వకు పూటంతా నిలిచేది పిల్లికి కొన్ని గంటల్లోనే దిగిపోతుంది. ఆ కొన్ని గంటల్లో చక్కెర పాతాళానికి పోయి, మిగతా పూట మళ్లీ ఆకాశానికి లేస్తుంది. అందుకే నెమ్మదిగా, ఎక్కువసేపు పనిచేసే గ్లార్జిన్‌నే పిల్లులకు ఎక్కువగా వాడతారు. విదేశాల్లో పిల్లుల కోసమే చేసిన ఇన్సులిన్లూ ఉన్నాయి. మనుషులకు గ్లార్జిన్ రోజుకోసారి. పిల్లికి 12 గంటలకోసారి, రెండు పూటలా. మా ఊళ్లో ఉదయం 7:10కి ఊటీ చిన్నరైలు బయలుదేరుతుంది, దాని కూత వింటూ సూది వేసుకునే ఇంటికి గడియారం అక్కర్లేదు. సాయంత్రం ఏడుకు మాత్రం ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. అసలు కష్టం సూది కాదు, ఇదే. ఏ పెళ్లికి పోయినా భోజనాలు కాకముందే లేచి రావడం.

ఖర్చు గురించి ఓ చిన్న లెక్క. 3 మిల్లీలీటర్ల గ్లార్జిన్ కార్ట్రిడ్జిలో 300 యూనిట్లుంటాయి. రోజుకు రెండు యూనిట్లు వాడే పిల్లికి అది 150 రోజులకు సరిపడే సరుకు. తెరిచాక అన్నాళ్లు బలం నిలవదు కాబట్టి ఎన్నాళ్లకు పారేయాలో డాక్టరును అడిగి సీసా మీదే తేదీ రాసుకోవాలి. 10 మిల్లీలీటర్ల పెద్ద సీసా చవకని కొనడం ఒంటరి పిల్లి ఉన్న ఇంటికి దండగ. మందు నీళ్లలా తేటగా ఉండాలి, మబ్బేస్తే పనికిరాదు. మరో ఇన్సులిన్‌తో కలపడం, నీళ్లతో పల్చన చేయడం చేస్తే దాని గుణమే పోతుంది. ఫ్రిజ్ తలుపు అరలో కాకుండా నడిమి అరలో, గడ్డకట్టే గదికి దూరంగా ఉంచాలి. ఒక్కసారి గడ్డకట్టిందంటే కరిగినా చెత్తబుట్టకే. ఏప్రిల్, మే నెలల్లో కరెంటు గంటలకొద్దీ పోతే మన ఊళ్లలో ఇన్సులిన్‌కు చేసే పాత ఉపాయం ఉండనే ఉంది. కుండలో కుండ పెట్టి మధ్యలో తడి ఇసుక పోయడం.

చెవి అంచున ఒక చుక్క

సూదికంటే చుక్క తీయడానికే మనుషులు జంకుతారు. పిల్లి మటుకు చెవి గుచ్చితే పెద్దగా పట్టించుకోదు. చెవి దొప్పను వెలుతురుకు పెట్టి చూస్తే వెలుపలి అంచు వెంబడి సన్నటి ఎర్రగీత లాంటి రక్తనాళం కనబడుతుంది. దాన్ని వదిలేసి, దానికీ చెవి చివరి అంచుకూ మధ్యనున్న పలుచటి చోట గుచ్చాలి. చెవి చల్లగా ఉంటే రక్తం రాదు. పాత మేజోడులో గుప్పెడు బియ్యం పోసి ముడేసి, కాస్త వెచ్చచేసి, ముందు మన చెక్కిలికి ఆన్చి చూసుకుని అర నిమిషం చెవికి పట్టాలి. వేసలీన్ వేలితో రాసీ రాయనట్టు రాస్తే చుక్క బొచ్చులోకి పాకిపోకుండా ముత్యంలా నిలబడుతుంది. చెవి వెనక దూదిని మడిచి పెట్టాలి, లేకపోతే సూది చెవి దాటి మన వేలికే దిగుతుంది. గుచ్చగానే పిండకూడదు. మూడు నాలుగు క్షణాలు ఆగితే చుక్క దానంతటదే ఊరుతుంది. స్ట్రిప్ అంచు తాకిస్తే పీల్చేసుకుంటుంది. దూదితో నొక్కి, ఉడికించిన కోడి పోగు ఒకటి నోటికందిస్తే సరి. వారం తిరిగేసరికి మీటరు డబ్బా తెరిచిన చప్పుడుకే పిల్లి పరిగెత్తుకొస్తుంది, చెవి కోసం కాదు, కోడి కోసం.

గిర్రున తిరిగే ప్రతి యంత్రాన్నీ విప్పి చూస్తే గాని నిద్రపట్టని జిల్లా మాది. కలంగల్‌లో పుట్టిన జి.డి. నాయుడు (1893-1974) నుంచి ఆ గుణం అంటుకుందేమో. మీటరునూ అలాగే అనుమానించాలి. మనిషి రక్తంలో చక్కెర ఎర్రకణాల్లో 42 శాతం, ద్రవంలో 58 శాతంగా పంచుకుని ఉంటుంది. మన మీటర్లు ఆ పంపకాన్ని నమ్ముకుని లెక్క కడతాయి. పిల్లి రక్తంలో ఎర్రకణాల్లో ఉండేది 7 శాతమే, 93 శాతం ద్రవంలోనే. దాంతో మనుషుల మీటరు పిల్లి చక్కెరను ఉన్నదానికంటే తక్కువ చేసి చూపిస్తుంది. ఎంత తక్కువన్నది ఒక్కో మీటరుకు ఒక్కో తీరు, ఇంత కలుపుకోమని సూత్రం లేదు. పిల్లుల కోసం చేసిన మీటరు దొరికితే మంచిది. లేకపోతే అవ్వ మీటరే వాడుకోవచ్చు. కానీ ఎప్పుడూ ఆ ఒక్కటే వాడాలి, ఏది వాడుతున్నారో డాక్టరుకు చెప్పాలి. తక్కువగా చూపించే మీటరులో 60 కనబడితే "అసలు ఇంకా ఎక్కువే ఉంటుందిలే" అని కూర్చోకూడదు. తక్కువనే నమ్మి తిండి పెట్టాలి.

అంకెల విషయంలో ఇంటివాళ్లు చేసే పెద్ద పొరపాటు పొద్దుటి రీడింగు చూసి మోతాదు మార్చడం. అవ్వకు పరగడుపున 250 వస్తే ఇల్లంతా బెంబేలెత్తుతుంది, పిల్లికి సూది ముందు 250 వస్తే అంత గాభరా అక్కర్లేదు. పిల్లి దగ్గర చూడాల్సింది రోజు మొత్తంలో చక్కెర ఎంత కిందికి దిగిందన్నది. నెలకో రెండునెలలకో, మోతాదు మార్చిన తర్వాతా ఒక సెలవురోజు కేటాయించి సూదికి ముందు ఒకటి, తర్వాత రెండేసి గంటలకు ఒకటి చొప్పున 12 గంటలూ చుక్కలు తీసి కాగితం మీద గీత గీయాలి. అట్టడుగు అంకె 80కీ 150కీ మధ్య పడితే మోతాదు కుదిరినట్టే. పొద్దున 350 ఉంది కదా అని పెంచితే, నడిమధ్యాహ్నం ఎవరూ చూడని వేళ అది 50కి దిగి, శరీరం భయపడి లోపలి నిల్వలు కుమ్మరించి, మర్నాటి పొద్దుటికి 400 చూపించవచ్చు. ఇంటాయన మళ్లీ పెంచుతాడు. ఇలా గోతిని తవ్వుకుంటూ పోయిన కథలు డాక్టర్ల దగ్గర కొల్లలు. మోతాదు మార్చేది డాక్టరే. అదీ అర యూనిట్, మహా అయితే ఒక యూనిట్. మధ్యలో కనీసం వారం ఆగి.

భుజం మీద అతికించే ఫ్రీస్టైల్ లిబ్రే సెన్సరు మన మెడికల్ షాపుల్లోనూ దొరుకుతోంది. మనిషికి 14 రోజులు వచ్చేది పిల్లికి చాలాసార్లు అంతకుముందే ఊడొస్తుంది. అయినా చెవి గుచ్చనివ్వని పిల్లికి, రాత్రిపూట ఏం జరుగుతోందో తెలియని ఇంటికి ఒక్కసారి పెట్టించినా కళ్లు తెరిపిస్తుంది.

సూది వేయడం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. పక్కటెముకల మీదో భుజాల వెనకో చర్మాన్ని డేరాలా లేపి, కింది మడతలోకి పోనిచ్చి నొక్కడమే. పిల్లి తింటూ ఉండగానే అయిపోతుంది. తర్వాత బొచ్చు తడిమి చూడాలి. తడిగా ఉండి మందు వాసన వస్తే సూది అవతలికి దూరి మందు బయట పడ్డట్టు. అప్పుడు మళ్లీ వేయకూడదు. ఎంత లోపలికి పోయిందో ఎవరికి తెలుసు? ఒక పూట ఎక్కువ చక్కెరతో గడిస్తే పిల్లి ఓర్చుకుంటుంది. రెండు మోతాదులు పడితే ఓర్చుకోలేదు. పూట మరిచిపోయినా ఇదే న్యాయం.

చక్కెర పడిపోయిందని ఎలా తెలుస్తుంది? తూలుతుంది, మంచం కింద నక్కుతుంది, ఉన్నట్టుండి తిండికోసం వెర్రిగా అరుస్తుంది, లేదా పిలిచినా పలకదు. తినగలిగితే వెంటనే తిండి పెట్టాలి. తినలేకపోతే కోటగిరి తేనె ఇంట్లో లేని వాళ్లు మా ఊళ్లో తక్కువ, అదే వేలితో చిగుళ్లకు రుద్దాలి. గ్లూకోజు పొడిని నీళ్లతో ముద్ద చేసినా సరే. ఫిట్స్ వస్తున్న పిల్లి నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తేరుకుని లేచి నడిచినా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. తేనె కొద్దిసేపే పనిచేస్తుంది, మందు ఇంకా గంటలకొద్దీ ఒంట్లో ఉంటుంది.

ఉపవాసం వద్దు

పథ్యం దగ్గర అవ్వ అనుభవం పూర్తిగా తలకిందులు. అవ్వ రాత్రి భోజనం మానేసి రెండు చపాతీలతో సరిపెట్టుకుంటుంది, ఏకాదశికి పస్తుంటుంది, ఒళ్లు తేలికైందని సంతోషిస్తుంది. బరువెక్కిన పిల్లిని రెండు మూడు రోజులు పస్తు పెడితే ఒంట్లో కొవ్వంతా ఒక్కసారిగా కాలేయం మీద పడి, కాలేయమే చెడి చచ్చిపోవచ్చు. బరువు తగ్గాలి, కానీ వారానికి ఒక శాతం చొప్పున, చీమ నడకతో. నాలుగు కిలోల పిల్లికి అది వారానికి 40 గ్రాములు. అవ్వకు చెప్పే రాగి జావ, గోధుమ, ఓట్లు దీనికి ఒక్కటీ మేలు చేయవు. పాలన్నం, పెరుగన్నం మానేయాలి. ఇక్కడే పెద్దవాళ్లతో పేచీ. "పిల్లి అన్నాక పాలు పోయకపోతే పాపం" అనే అవ్వకు ఏం చెబుతాం? ఆమె మంచం పక్కన ఉడికిన కోడిపోగుల డబ్బా ఒకటి పెట్టి, పెట్టాలనిపిస్తే అది పెట్టమనడం మేలు.

కావలసింది మాంసకృత్తులు ఎక్కువ, పిండిపదార్థం బహు తక్కువ ఉన్న తడి ఆహారం. తడి ప్యాకెట్లు అందుకు సులువు. ఇంట్లో వండేవాళ్లు కోడి, చేప, గుడ్డు ఉడకబెట్టి పెట్టొచ్చు గానీ ఉల్లి, వెల్లుల్లి వేసిన నీళ్లలో కాదు. అవి పిల్లి ఎర్రకణాలను పగలగొడతాయి. ఒట్టి కోడిముక్కతోనే నెలలు గడిపితే కాల్షియం, టారిన్ లోపిస్తాయి. టారిన్ లేక పిల్లుల గుండె చెడుతుందని 1987లోనే బయటపడింది. కాబట్టి ఏం కలపాలో డాక్టరు చేత రాయించుకోవాలి. తిండి మార్చే ముందూ ఆయనకు చెప్పాలి. బిళ్లలు, అన్నం మాన్పించి మాంసం మీదికి మార్చిన కొద్ది రోజుల్లోనే చక్కెర దిగిపోవచ్చు. పాత మోతాదు అలాగే వేస్తూ పోతే మళ్లీ ఫిట్సే. అవ్వ మాత్రల పెట్టె పిల్లికి అందని చోట ఉంచాలని ప్రత్యేకంగా చెప్పాలా? జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ ఒక్క బిళ్ల చాలు, పిల్లిని చంపడానికి. మెట్‌ఫార్మిన్ చంపకపోవచ్చు గానీ దాని షుగరుకు పనికి రాదు. అమెరికాలో 2022 చివర్లో, 2023లో పిల్లుల కోసమే రెండు నోటిమందులకు అనుమతి వచ్చింది. అవి కూడా అన్ని పిల్లులకూ కాదు, అప్పటికే ఇన్సులిన్ వాడుతున్న పిల్లికి అసలే కాదు.

ఇంత తంటా ఎందుకంటే, తొందరగా మొదలుపెడితే పిల్లి క్లోమం మళ్లీ లేచి నిలబడగలదు. 2009లో రూంప్, రాండ్ అనే పరిశోధకులు ఇళ్లలోనే కొలుస్తూ గ్లార్జిన్‌తో గట్టిగా అదుపులో పెట్టిన పిల్లుల లెక్క ప్రచురించారు. జబ్బు తెలిసిన ఆరు నెలల్లోపు ఆ పద్ధతిలోకి వచ్చినవాటిలో 84 శాతం ఇన్సులిన్ అక్కర్లేని స్థితికి చేరాయి. ఆరు నెలలు దాటాక మొదలుపెట్టినవాటిలో 35 శాతమే. అది చక్కెర కొలవడంలో ఓపికున్న యజమానుల లెక్క, ప్రతి ఇంటికీ అంత రాకపోవచ్చు. అయినా ఆరు నెలలు వాయిదా వేయకూడదన్న మాట అందులో స్పష్టంగా ఉంది. ఆ స్థితి వచ్చినప్పుడు ఇంట్లో కొలిచే అలవాటు లేకపోతే తెలియదు. అక్కర్లేని ఇన్సులిన్ రోజూ వేస్తూనే ఉంటారు. సూది ముందు రీడింగు 150 లోపు పడుతోందంటే ఆ పూట వేయకుండా డాక్టరుకు ఫోన్ చేయాలి. మానేశాక కూడా వారానికో చుక్క చూస్తుండాలి, జబ్బు తిరిగి రావడమూ ఉంది.

మా వైపు పిల్లులతో ఇంకో చిక్కు. ఒక్క పిల్లికి నాలుగిళ్లు, నాలుగు పేర్లు, నాలుగు గిన్నెలు. మనింట్లో మాంసం తిని, వెనకింట్లో పాలు తాగి, మండీ కాపలా తాతయ్య దగ్గర బన్ను ముక్క తిని వస్తుంది. షుగరు పిల్లిని ఇల్లు దాటనివ్వకూడదు, దాటితే ఆ నాలుగిళ్లకూ సంగతి చెప్పాలి. కుదరని ఇళ్లూ ఉంటాయి. రోజు కూలికి పోయి చీకటిపడ్డాక వచ్చేవాళ్లకు రెండు పూటల సూది మాటలు కాదు. అలాంటివాళ్లను తప్పుపట్టే హక్కు నాకు లేదు. తిండి మార్చి, ఒక్క పూటయినా ఏం చేయగలమో డాక్టరుతో దాపరికం లేకుండా మాట్లాడటం వాళ్లకు మిగిలే దారి.

ఇక మదురైలో మేనకోడలి పెళ్లి, రెండు రోజులు ఊరు వదలాలి అనుకోండి. నాలుగు రోజుల ముందు నుంచే పక్కింటి అమ్మాయిని పిలిచి ఎదురుగా సూది వేయించాలి. సిరంజిలు లెక్కపెట్టి ఒక్కో పూటకు ఒకటి విడిగా పెట్టాలి. వాడినవి వేయడానికి మూతున్న డబ్బా ఒకటి. ఫ్రిజ్ మీద అంటించే కాగితం తమిళంలోనే రాయండి, ఆ అమ్మాయికి చదవడం అందులోనే వచ్చు. ఎన్ని గీతలు, ఎన్నింటికి, డాక్టరు నంబరు, తేనె ఎక్కడుంది. వాంతులు చేసుకుని, తిండి ముట్టక, కదలకుండా పడుంటే అర్ధరాత్రయినా సరే కోయంబత్తూరుకు బండి మాట్లాడమని, డబ్బు అలమరలో ఉందని. అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలతో: తినకపోతే సూది వేయొద్దు, ముందు ఫోన్ చెయ్యి.